బండి బొమ్మ మీద గీతలు

పాస్‌పోర్టు నా బల్ల మీద పెట్టకు తమ్ముడూ,
దాని చోటు నీ చొక్కా లోపల.
డబ్బు కట్టు, రసీదు అడిగి తీసుకో.
లైసెన్సు చూపించు. కారుది కాదు, బండిది.
అది లేకుండా పడ్డావంటే
మీ ఇన్సూరెన్సువాళ్లు నీ పేరే విననట్టు ఉంటారు.

ఇటు రా, ఎండలోకి.
అద్దెబండిని నీడలో చూడకూడదు.
ఫోను తీసి నాలుగు పక్కలా ఫొటోలు తియ్యి.
నన్ను నమ్మకు,
నేనూ నిన్ను నమ్మడం లేదు.

ఇదిగో కాగితం. బొమ్మ మా సెంగ్‌దావ్ గీసింది,
చక్రాలు కోడిగుడ్లలా వచ్చాయి, పట్టించుకోకు.
ప్రతి గీతకీ ఒక నంబరు.
ఒకటి, నార్వే కుర్రాడు,
స్టాండు వేశాననుకున్నాడు.
రెండు, తైనాన్ నర్సు,
బాతుల వరసకి దారిచ్చింది.
బాతులన్నీ క్షేమం.
మూడు మా మరిది ఖమ్‌సింగ్,
వాడి దగ్గర అద్దెకి బదులు అబద్ధాలు తీసుకున్నాను.
నాలుగు గురించి అడగకు.
ఆ పిల్ల ఇప్పుడు నడుస్తోంది,
మొన్న ఫొటో పంపింది.
మిగతావి నువ్వే చూడు, పది దాకా ఉన్నాయి.

బ్రేకు నొక్కు. ఇంకా.
టైరు చారల్లో గోరు దిగాలి.
హారన్ కొట్టు,
మా కుక్క లేచిందంటే పనిచేస్తున్నట్టే.
ఆ హెల్మెట్ కాదు, అది కూరగాయలకి పోయేటప్పటిది.
ఇది పెట్టుకో. బరువా? తలకాయ కూడా బరువే.
పట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి,
మూడు పట్టకూడదు.

మీ దేశంలో ఎడమ పక్కన పోతారటగా.
ఇక్కడ కుడి.
బయల్దేరేటప్పుడు ఎవరూ తప్పు చెయ్యరు,
భయం ఉంటుంది.
మధ్యాహ్నం నూడుల్స్ తిని,
ఖాళీ రోడ్డు మీదికి మళ్లీ ఎక్కేటప్పుడు
చెయ్యి నీకు చెప్పకుండా మీ ఊరికి పోతుంది.
అందుకే హ్యాండిల్‌కి కుడివైపు ఎర్రదారం కట్టాను.
దారం ఎప్పుడూ రోడ్డు అంచు పక్కనే ఉండాలి.

సరిహద్దుకి పోయే లారీలకి
నువ్వు కనిపిస్తావు గానీ, లెక్కలోకి రావు.
చీకటి పడకముందే ఎక్కడో ఒకచోట ఆగు.
తారు వెచ్చగా ఉందని దున్నలు రోడ్డు మీద పడుకుంటాయి,
వాటికి వెనక దీపాలుండవు.
థాలాంగ్ దాటాక
చచ్చిన చెట్లు నీళ్లలో నిలబడి ఉంటాయి, వందలు, వేలు.
చూడాలనిపిస్తుంది.
ఆగి చూడు.

*

నాలుగు రోజులన్నావు, నాలుగో రోజే వచ్చావు.
కుంటుతున్నావు.
కూర్చో. ముందు నీళ్లు తాగు, తర్వాత చెబుదువుగాని.

పిక్క మీద అదేంటి?
సైలెన్సర్ ముద్ర.
దిగితే ఎడమ పక్కకే దిగాలని నేను చెప్పలేదు కదూ.
అది నా తప్పు, కాగితం కింద రాసిపెడతాను.
టూత్‌పేస్టు ఎవరు పూశారు?
దారిలో ముసలమ్మా? మంచి మనిషే, కడిగెయ్.
చల్లటి నీళ్లు పొయ్యి. ఇంకా పొయ్యి,
నా ఓపిక అయిపోయేదాకా.

ఎక్కడ పడ్డావు? కంకరలో.
ఎంత స్పీడు?
నడిచేంతట. నవ్వకే, సెంగ్‌దావ్.
నడిచేంత స్పీడులో పడ్డవాళ్లే కదా
బండి తిరిగి తెచ్చిచ్చేది.

ఏదీ, చూపించు. బ్రేకు లివర్ కొస,
ఇక్కడ ఫుట్‌రెస్టు.
రెండూ కలిపి ఒకటే వేస్తాను, పెన్ను ఇలా ఇవ్వు.
పదకొండు.
పేరొద్దు, మీ ఊరు చెప్పు.
మళ్లీ చెప్పు.
అబ్బా, నా నాలుకకి కంకర తగిలింది.

రేపు పొద్దున ఒకమ్మాయి వస్తోంది,
ఈ బండే కావాలంది, రంగు నచ్చిందట.
పదకొండు మీద వేలు పెట్టి
వీడెవడని అడుగుతుంది.
ఏం చెప్పమంటావు?