నాలుగో గడి

దరఖాస్తులో నాలుగో గడి ఖాళీగా ఉంది.
'యాత్ర లక్ష్యం', కింద చిన్నక్షరాల్లో 'ఒక్క వాక్యంలో'.
శృంగవరపుకోట పశువుల ఆస్పత్రి వరండాలో
ఐదుగురం కూర్చున్నాం.
గిట్టలు చూపించుకోడానికొచ్చిన ఐదు కొండగుర్రాలు
మా మాటల మీద తోకలు విసురుతున్నాయి.

పదకొండు రోజులు, కొండ చుట్టూ.
ఎందుకు? అంటోంది కాగితం.

చెట్లు లెక్కపెడదాం అన్నాడు గౌరీశు.
లెక్క తేలేసరికి సగం ఉండవన్నాడు తవిటినాయుడు.
పాటలు పోగేద్దామన్నాడు,
ఫోన్లో జాగా లేదని తనే నాలిక్కరుచుకున్నాడు.
మంగరాజు మాస్టారికి రికార్డు కావాలి,
ఆ కొండ మీద గుర్రమెక్కిన తొలి జట్టు మనమేనట.
గుర్రాల సుకురు పొగాకు నలుపుతూ నవ్వాడు:
"మా తాత కందులు దేని మీద దింపాడనుకున్నారు బాబూ?"

రాశాను. కొట్టేశాను.
'అవగాహన' అనే మాట మూడుసార్లొచ్చింది,
పిలవని పేరంటానికి ముందే వచ్చి కూర్చునే చుట్టంలా.
టీ మీద మీగడ కట్టింది.

"ఈటి మీద ఏటేటి మోస్తారు?" అంది ఎర్నమ్మ,
పొద్దున్నుంచి నోరు విప్పని నర్సు.
"కిందకి పసుపు, చింతపండు. పైకి ఉప్పు, బియ్యం.
ఓపాలి మా కోడల్ని మొయ్యమన్నాం.
నొప్పుల్లో కూకోలేకపోనాది, డోలీ కట్టినాం.
గుర్రం ఎనకాలే వచ్చింది, ఉత్తినే."
"ఎంతసేపు పట్టింది?"
"ఎవులు సూసినారమ్మా?
బయలెల్లినప్పుడు సుక్కుంది.
మూడో గెడ్డ కాడ పిల్లుంది."
ఆ పిల్లకిప్పుడు ఏడేళ్లట. పేరు గెడ్డమ్మ.

ఎవరూ దగ్గలేదు కూడా.
తర్వాత గౌరీశు వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు,
అదేదో సిగ్గుపడాల్సిన వస్తువులా.

రాశాను:
'ప్రతి కొండూరి గడప నుంచి తారురోడ్డు దాకా
గుర్రం నడకలో ఎంతసేపో,
ఎన్ని గెడ్డలు అడ్డమో,
వానాకాలం ఏది దాటనివ్వదో,
ఊరివాళ్ల చేతే చెప్పించి రాసుకు రావడం.'

"ఇది ఒక్క వాక్యమేనా?" అన్నారు మాస్టారు.
"రాస్తే రోడ్డొస్తాదా?" అన్నాడు సుకురు.
మాస్టారికి మాత్రమే జవాబు చెప్పగలిగాను.

గడి సరిపోలేదు.
వాక్యం తోక ఐదో గడిలోకి,
'అంచనా ఖర్చు' మీదికి
దిగిపోయింది.
బయట బూడిదరంగు ఆడగుర్రం
కట్టు విప్పకుండానే
కొండవైపు తిరిగి నిలబడింది.