బోణీ

పదకొండున్నర. ఇంకా బోణీ కాలేదు.
కోర్వ్ స్ట్రీట్ వాలు మీద వాన
తొందరేం లేనట్టు దిగుతోంది.

లడ్లోలో ఈ కొట్టు వెడల్పు నా చేతులతో రెండు బారలు.
ఓ గోడకి గౌన్లు,
ఓ గోడకి సబ్బులూ కొవ్వొత్తులూ గ్రీటింగు కార్డులూ,
మధ్యలో గ్లెనిస్, ముక్కు మీద జారే కళ్ళద్దాలతో
ప్రతి గౌనుకీ జేబులు కుడుతూ.
"జేబు లేని బట్ట ఆడదాన్ని నమ్మని బట్ట" అంటుంది.

బోణీ అంటే ఏమిటో ఆమెకి చెప్పడానికి
నాకు రెండు శనివారాలు పట్టింది.
మొదటి బేరం. కాదు, ఒట్టి బేరం కాదు.
కొన్నవాళ్ళ చెయ్యి మంచిదవ్వాలి.
వచ్చిన డబ్బు కళ్ళకద్దుకోవాలి.
అంతా విని కార్డు మెషీన్ చూపించింది:
"మరి టింగుమనే చప్పుణ్ణి ఎలా అద్దుకుంటావు?"
ఇప్పుడు నాకంటే ఆమెకే పట్టింపు.
తలుపు గంట మోగితే చాలు,
"బోనీ?" అని కనుబొమలెగరేస్తుంది.

పొద్దున్నించీ ఎవరూ రాలేదని కాదు.
వాన తగ్గేదాకా ఒక్కో స్కార్ఫునీ పలకరించినట్టు తడిమి
"ఊరికే చూస్తున్నా" అని వెళ్ళిపోయినావిడ.
ట్రయల్ రూములో ఊపిరి బిగబట్టి జిప్పు లాగి
బయటికొచ్చి, ఆ ఊపిరి వదలకుండానే
"ఆలోచించుకుంటా" అన్న టీచరమ్మ.
పెళ్ళాడబోయే పిల్లకి కానుక కొనాలన్న కుర్రాడు.
సైజెంత బాబూ అంటే
గాలిలో రెండు చేతుల్తో కూజా గీసి
"ఇంచుమించు మీ అంత" అని, చెవులెర్రబడి,
కనుక్కొస్తానని పారిపోయాడు.

ఏలూరులో మా మావయ్య కొట్లో అయితే
ఈపాటికి యాభై చీరలు పరిచి
ఒకటి తన భుజానే వేసుకుని
అద్దం ముందు వయ్యారంగా నిలబడి
ఎవర్నీ ఉత్తచేతుల్తో పోనిచ్చేవాడు కాదు.
ఇక్కడ బతిమాలితే బెదిరిపోతారు.
నేను మడతలు పెడతాను.
పెట్టినవి విప్పి మళ్ళీ పెడతాను.

గంట మోగింది.
గొడుగు లేని పెద్దాయన. చేతిలో మా సంచే,
మా రిబ్బనే, ముడి కూడా నేను వేసిందే.

ఎదురు బోణీ!
నా లోపల మావయ్య నాలిక్కరుచుకున్నాడు,
గల్లాపెట్టెలోంచి మొదట పోయే డబ్బు
రోజంతటినీ మింగేస్తుందే అని.

సంచిలో ముదురాకుపచ్చ గౌను.
ఆవిడ గుర్తొచ్చింది. మూడు వారాల కిందట
రెండు జేబుల్లో రెండు చేతులూ దూర్చి
అద్దం ముందు ఒక చుట్టు తిరిగి
"చేతులెక్కడ పెట్టుకోవాలో ఇన్నాళ్ళకి తెలిసింది" అన్నావిడ.
ధర చీటీ ఇంకా అలాగే ఉంది.
"సైజు కుదర్లేదాండీ?" నా నోరు ఊరుకోదు.
"కుదిరింది," అన్నాడాయన.
కాసేపాగి, "బాగా కుదిరింది."

గ్లెనిస్ బిల్లు అడగలేదు.
ఆవిడ కవర్లో దాచి తెచ్చుకున్న నోట్లు,
అందుకని నోట్లే లెక్కపెట్టి ఇచ్చింది.
ఆయన చూసుకోలేదు. పోనూ లేదు.
కార్డుల స్టాండు తిప్పాడు, అది కీచుమంది.
పుట్టినరోజు, కొత్త ఇల్లు, త్వరగా కోలుకోండి,
వాటి దగ్గర ఆగకుండా
కృతజ్ఞతలవి ఒక్కొక్కటే తీస్తూ:
"వార్డులో నర్సులు ఐదుగురు.
ఆరు. రాత్రి డ్యూటీ పిల్ల ఉందిగా.
నేల తుడిచే ఎరిక్...
దానితో గుర్రప్పందేలు మాట్లాడేవాడు. ఏడు."

ఇరవై నోటు. పాత రాణిగారి బొమ్మ, ఓ మూల వాన తడి.
గ్లెనిస్ నా వైపు చూసింది.
ఈసారి కనుబొమలెగరెయ్యలేదు.

అద్దుకున్నాను.
ఆయన చూశాడు, ఏమిటని అడగలేదు,
ఎవరైనా కళ్ళు తుడుచుకుంటే అడగనట్టే.

వాన వెలిశాక కుర్రాడు తిరిగొచ్చాడు,
సైజు అరచేతిలో రాసుకుని.
కుర్చీ వీపున ఉన్న ఆకుపచ్చదాని మీదకే పోయింది చెయ్యి.
"అది ఇవాళ కాదు బాబూ" అని
నీలంది ఒకటి తీసి నా భుజానే వేసుకుని
అద్దం ముందు నిలబడ్డాను.