మూడో రకం ప్రశ్న

సెపిక్ నది బురదగా తిరిగే మా వంపులో
ఈ భాష మాట్లాడేవాళ్ళం తొమ్మిది వందల మందిమి.
మా దగ్గర అడగడం రెండు రకాలు.
తెలియక అడిగితే మాట చివర గొంతు లేస్తుంది.
తిట్టడానికి అడిగితే
చివర ఒక ముక్క అంటుకుంటుంది,
వల అంచుకి సీసపు గుండులా.
మూడోది లేదు.

బడిలో లెక్కలు చెప్పి వచ్చిన సాయంత్రాల్లో
దేవుడి మాటల్ని మా మాటల్లోకి దించుతున్నాను,
పదకొండేళ్ళుగా.
ఆయన ఇన్ని ప్రశ్నలు వేస్తాడని
పని ఒప్పుకున్న రోజున ఎవరూ చెప్పలేదు.

రాసిందల్లా బెనెదిక్త ముసలమ్మకు చదివి వినిపించాలి,
అర్థమైందో లేదో చూడాలి. అది నియమం.
ఆమె సాగో పిండి పిసుకుతూ వింటుంది,
అడిగినవాటన్నిటికీ జవాబు చెబుతుంది.

భూమికి పునాది వేసిన నాడు నువ్వెక్కడున్నావని
బూడిదలో కూర్చున్న రోగిని సుడిగాలి నిలదీస్తే
"పుట్టనే లేదు కదా పాపం,
ఆ మాత్రం ఆయనకు తెలీదూ?" అంది.

చేప అడిగిన కొడుక్కి పామునిచ్చే తండ్రి ఉంటాడా అంటే
"లావు పామైతే ఎందుకివ్వడు?" అంది.
తాటాకు గోడ అవతల పిల్లలు పడీపడీ నవ్వారు.

ఆ రాత్రి ప్రశ్నలన్నీ కొట్టేశాను.
ఏ తండ్రీ ఇవ్వడు, అని రాశాను.
అప్పుడు నువ్వు లేవు, అని రాశాను.
అబద్ధమేమీ లేదు.
కానీ వాక్యాలు వెల్లకిలా తేలాయి,
ఎండాకాలపు మడుగులో చేపల్లా.
తెల్లారి ప్రశ్నలన్నీ మళ్ళీ రాసుకున్నాను.

వానాకాలం మొదట్లో తోట దగ్గరికొచ్చాం.
చెట్ల చాటున నక్కినవాణ్ణి
ఎక్కడున్నావని పిలిచే చోట
మొదటిసారి ఆమె వెంటనే జవాబు చెప్పలేదు.
"కనబడుతూనే ఉన్నాడుగా ఆయనకి.
నేనూ అట్లాగే పిలిచేదాన్ని, మా ఇద్దరూ చిన్నప్పుడు.
వాళ్ళంతట వాళ్ళు బయటికొస్తారని."

వెలుతురు పోతోంది. మెట్ల కింద
ఆమె పెద్దకొడుకు కాస్పర్ జనరేటర్ తిప్పాడు.
ఏడేళ్ళ కిందట ఒకే పడవలో ఇద్దరెళ్ళి
ఒకడొచ్చాడు, ఒకటే తెడ్డుతో.
మొసలి, అన్నాడు. ఊరంతా మొసలే అంది.
ఆ వారం ఈటెలు పట్టుకుని రెండు మొసళ్ళను చంపాం కూడా.

నేను అదేదీ తలచుకోలేదు. ప్రమాణంగా చెబుతున్నాను.
తరువాతి పేజీ తిప్పానంతే.
ముక్క తగిలించాలో గొంతు లేపాలో
ఇంకా తేల్చుకోక
రెండూ లేకుండా చదివాను:

నీ తమ్ముడెక్కడ

జనరేటర్ ఆగిపోయింది.
దోమల చప్పుడు మిగిలింది.
అన్నిటికీ జవాబు చెప్పే ముసలమ్మ
పిండిలో చేతులు అలాగే ఉంచుకుని కూర్చుంది.

మెట్లమీద బరువు కిర్రుమంది.
తల గడప దాటలేదు.
"మొసలి కాదమ్మా," అన్నాడు.

ఎంతసేపో తెలియదు. వాన వచ్చి, వెలిసింది.
ఆమె చేతులు కడుక్కుని
కొడుకు కూర్చున్న మెట్టు దాకా వెళ్ళి
ఒక మెట్టు పైన కూర్చుంది.
అక్కణ్ణించే, నా వైపు తిరక్కుండా,
"ఆ ముక్క పెట్టకు," అంది.
"గొంతూ లేపకు.
ఇందాక చదివినట్టే రాయి."

ఎలా రాయను, అన్నాను.
అది అడగడమో, మరొకటో,
ఈనాటికీ నాకు తెలియదు.