పదిహేడో తాడు

మొదటిరోజు ఖమీస్ ఉస్తాద్
సర్టిఫికెట్ అడగలే, నా చేతులు చూసిండు.
ఆరేండ్లు మస్కట్ల, రువీ గల్లీలల్ల
పరంజాలు కట్టిన చేతులు,
ఇనుము వాసన ఇంకా పోలే.
"ఇక్కడ ఈల వెయ్యొద్దు" అన్నడు ముందుగాల.
సూర్‌ల వాళ్ల తాత పడవ మీద
తెరచాప దించాలంటే ఈలే సైగంట.
నాటకశాల తాళ్లు గూడ
సముద్రం నుంచి వచ్చినయేనంట.
ఎవడన్న ఊసుపోక ఈల వేస్తే
ఎవని నెత్తి మీదనో కోట కూలుతది.

నాకు అప్పజెప్పింది పదిహేడో తాడు.
దాని కొసకు చంద్రుడు:
ప్లైవుడ్డు, ఇరవై నాలుగు బల్బులు,
ఎనక నుంచి చూస్తే వైర్లు ఏలాడే జల్లెడ.
ముప్పై ఎనిమిది కిలోలు.
ఇవతల అన్ని ఇనుప దిమ్మెలు పేర్చి తూగనియ్యాలె.
తూగితే రెండు వేళ్లకు లేస్తడు,
తూగకుంటే మనిషినే లేపుకపోతడు.

కింద ఝుమానా. నిజ్వా పిల్ల.
ఆమెది గూడ నా లెక్కనే ఏడాది శిక్షణ.
పాడేది ఇటలీ భాష,
ఆమెకు కొంచెమే తెలుసు, నాకు అదీ లేదు.
పంతులమ్మ పియానో మూత మీద కొట్టుకుంట
ఒక్క ముక్కనే యాభై సార్లు పాడిస్తది.
మధ్య మధ్యల ఎండు నిమ్మకాయ నీళ్లు,
మళ్ల అదే ముక్క.

నేను పాట విని తాడు గుంజేటోన్ని.
ఎప్పుడూ ఆలస్యమే.
"పాట వినవడ్డదంటే అయిపోయినట్టే,
ఊపిరి విను" అన్నడు ఉస్తాద్.
అప్పటిసంది చీకట్ల కండ్లు మూసుకొని
నలభై అడుగుల కింద ఒక పిల్ల
గాలి పీల్చే చప్పుడు దేవులాడుతున్న,
మా కాక బోరు పైపుకు చెవి ఆనిచ్చి
నీళ్లను విన్నట్టు.

నిన్న వేషాలేసుకొని రిహార్సల్.
ఆమె పీల్చింది. నేను గుంజిన.
చంద్రుడు సగం లేచి
పక్కతెరకు తట్టుకొని ఆగిండు.
అరచేతుల తాడు నాడి లెక్క కొట్టుకుంటున్నది.
ఆమె ఆపలే.
ఆ ఒక్క స్వరాన్నే పట్టుకొని నిలవడ్డది,
నిచ్చెన జారకుండ కింద ఎవరో పట్టినట్టు,
నేను జరంత ఇడిసి, మళ్ల గుంజేదాక.

చప్పట్లు లేవు. అన్నీ ఖాళీ కుర్చీలు.
ఉస్తాద్ రిజిస్టర్ల రాసిండు:
పదిహేడు. నాలుగు సెకన్లు ఆలస్యం.
ఎర్ర సిరా, నా పేరు ముందట.

క్యాంటీన్ల చాయ్ కాడ ఝుమానా
వచ్చీరాని హిందీల అడిగింది:
"రేపు ఇంకొంచెం గట్టిగ పీల్చనా?"

వద్దన్న.
వినవడ్తది.