పదమూడో నంబరు పానా

డోన్ బైపాసు, టీ కొట్టు టీవీలో
ఆ ఎర్రకారు వేలం పాట.
నాలుగు కోట్ల పది లక్షలు.
కొత్తప్పుడు కోటిన్నర గూడా లేదంట.
మిగతాదంతా ఏందబ్బా?
హీరో కూచున్న సీటు గుంత.

"ఒక్క బోల్టు గూడా మార్చలేద"ని
కోటేసుకున్నాయన చెప్తాండాడు.

హుసేన్ పీరా గ్లాసు కింద పెట్టి నవ్వినాడు.

ఆ యేడు మే నెల, నడిమజ్జానం.
బెంగుళూరు పోతా పోతా
గడగడా అరుస్తా నా షెడ్డు ముందర నిలబడె.
నేలకు కరుసుకోని ఉండాది,
కిందికి దూరేకి గుంత తవ్వితి.
హీరో దిగలే. అద్దం గూడా దించలే.
సైలెన్సరు క్లాంపు ఇరిగింటే
పామాయిల్ డబ్బా కత్తిరించి బిగిచ్చినా.
మూడు వందల యాభై.
మళ్ళొచ్చేటప్పుడిస్తామనె మేనేజరు.

దుడ్లు పోనీలే అబ్బీ.
పొద్దుగూకినాక సూసుకుంటే
పన్నెండు ఉండాది, పద్నాలుగు ఉండాది,
పదమూడో నంబరు పానా లేదు.
మా నాయిన గుంతకల్లులో కొన్నది,
పిడి మీద ఆకురాయితో ఆయన గీసిన గీత.
ఆ డబ్బా రేకు సందులోనే ఇరుక్కోనుంటాది.

కొన్న సారు ఎవురో ఏమో,
గతుకుల్లో టకటకమంటే
హీరో గుర్తనుకోని దండం పెట్టుకునేరు.
ఇప్పి సూడమను.