మోటరు వాపసు వచ్చింది

జీడిమెట్ల ఫేజ్ టూ, మూడో గల్లీ.
రాగి తీగ చుట్టుడు నా పని.
రోజుకు పదకొండు బాయి మోటర్లు,
ఎండలు ముదిరితే పదమూడు.

పక్క బల్ల మీద సిమ్మాద్రి, పలాస దిక్కు నుంచి.
"జీడి తోటల్లోంచి జీడిమెట్ల వొచ్చీసినాను,
ఒక్క జీడి సెట్టూ నేదు" అని
ఎవ్వరొచ్చినా ఇదే చెప్పి తనే నవ్వుతడు.
వార్నిష్ తొట్టి కాడ బలరాం మాఝి.
వాని జిల్లా పేరు రెండేండ్లాయె, నాకు నోరు తిరుగది.
పగటి గంట కొట్టినంక
మూడు దిక్కుల సద్ది ఒక్క గోనెసంచి మీద విప్పుకుంటం.

ఒకనాడు సేటును అడిగిన,
అన్నీ ఈన్నే ఎందుకు పెట్టిండ్రని.
కరెంటు ఈడుంది, రోడ్డు ఈడుంది, బ్యాంకు ఈడుంది అన్నడు.
మరి మనుషులు?
"మనుషులదేముంది, వస్తరు."
అబద్ధమేం గాదు.
కోస్గి బస్సుల పరిగి దాక నిలవడి వచ్చిన నేను.
మా పొలిమేరల ఓ బోర్డు ఉండె, ఫ్యాక్టరీ వస్తదని.
అక్షరాలు పోయినయి.
ఇనుప కాళ్లు గట్టిగున్నయి, మేకలు కడతరు.

చుట్టుడు అయినంక తీగ కొసకు
ఒక మెలిక ఎక్కువ తిప్పుత.
ఎవ్వరికి కనవడది, వార్నిష్ కప్పేస్తది.
ఎందుకంటే చెప్పరాదు,
కొంగుకు పైసలు ముడేసుకున్నట్టు.

నిరుడు మృగశిర ముంగట
రిపేరుకొచ్చిన కుప్పల నుంచి ఒకటి విప్పిన.
మసి. మసి లోపట మెలిక.
నాదే.
రెక్కల సందుల ఎర్రమన్ను, ఇటుక తీరు గట్టివడ్డది.
చీటీ మీద మద్దూరు మండలం,
దాని కింద మా ఊరు.
రైతు పేరు మీద గ్రీసు మరక.
గోరుతోని గీకిన, రాలే.
వెంకటమ్మక్కదో, కట్టకింది మాలన్నదో,
పేరు దొరకక
ఊరందరిని ఒకసారి తలుచుకున్న.

నేను చుట్టింది నాకంటె ముందుగాల ఊరు చేరింది.
లారీ ఎక్కి నూటిరవై కిలోమీటర్లు పోయి,
బురద తప్ప నీళ్లు లేని బాయిల
గుంజి గుంజి కాలి
మళ్ల నా బల్ల మీదికే వచ్చింది.

"బాగైతదా?" అన్నడు సేటు.
అయితది అన్న.
(పాతదానికి కూలి సగమే.)
మన్ను పారేయలే, టిఫిన్ మూతల పోసి పెట్టిన.
సాయంత్రం దాంట్లనే తినవలసొచ్చి
కిటికీల నుంచి దులిపేసిన.

కొత్త తీగ చుట్టి, మెలిక తిప్పి,
వాపసు చీటీ మీద
'చేరవలసిన ఊరు' అన్నకాడ
నేనే రాసిన.
చేతికి వార్నిష్, అక్షరాలు వంకరవోయినయి.
సిమ్మాద్రి తొంగి చూసిండు.
"ఊరెల్తన్నావేటి?"
నేను గాదు,
మోటరు.