పన్ను

రసీదు పుస్తకం నా దగ్గరే ఉంటుంది.
బెంగళూరు దంతవైద్యుల సంఘం, ఉత్తర శాఖకు
ఐదేళ్ళుగా నేనే కోశాధికారిని.
ఎవరూ నిలబడకపోతే గెలిచినదాన్ని.

మన భాషలో ఒక తమాషా ఉంది.
నోట్లో ఉన్నదీ పన్నే, సర్కారుకు కట్టేదీ పన్నే.
ఒకటి మేం పీకుతాం,
ఒకటి మమ్మల్ని పీకుతుంది.

ఈసారి తలకు పదివేలు.
కుర్చీకి ఇంతని లైసెన్సు రుసుం పెంచారు,
ఎక్స్‌రే గదికి వేరే,
పీకిన పళ్ళు పారేయడానికి వేరే.
"ఆపాలంటే లోపల మనవాడొకడుండాలి"
అన్నాడు అధ్యక్షుడు పురందర శెట్టి.
మనవాడంటే మన బాధ తెలిసినవాడని కాదు,
మన కవరు తీసుకున్నవాడని.
మినిట్స్‌లో ఆ ముక్క రాయలేదు. మినిట్స్ రాసేదీ నేనే.

మల్లేశ్వరంలో మందాకిని ఇచ్చింది,
రోగి నోట్లోంచి అద్దం తీయకుండానే,
ఎడమచేత్తో సొరుగు లాగి.
యలహంక కుర్రాడు, ఇంకా కుర్చీకే కంతులు కడుతున్నవాడు,
మూడువేలిచ్చి మిగతాది వచ్చే నెలన్నాడు.
రసీదు మీద 'స్వచ్ఛంద విరాళం' అని రాశాను.
'స్వచ్ఛంద' దగ్గర పెన్ను కాసేపు పలకలేదు.
ముసలాయన వామనరావు డబ్బివ్వలేదు, కాఫీ ఇచ్చాడు.
"పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేమమ్మా,
ఈ పార్టీ రాయా, ఆ పార్టీ రాయా?"
నవ్వాను.
ఆయనా నవ్వాడు, నేను కట్టిన పళ్ళతోనే.

వినతిపత్రంలో ఏడు కోరికలు.
ఆరోది నేనే టైపు చేశాను:
'కె.ఆర్. మార్కెట్ ఫుట్‌పాత్ మీద పళ్ళు కట్టే
అర్హత లేని వ్యక్తులను తక్షణం తొలగించాలి.'
అబద్ధం కాదు. వాళ్ళు సిమెంటులా అతికించిన పళ్ళ కింద
కుళ్ళిన చిగుళ్ళను గోకి గోకి కడిగినదాన్ని,
ఆ వాసన
ఇంటికొచ్చాక కూడా అన్నంలో తగిలేది.

ఆదివారం పొద్దున్న ఎమ్మెల్యే గారి వరండా.
ప్లాస్టిక్ కుర్చీలు, గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట.
శెట్టి ట్రాఫిక్‌లో ఉన్నానని ఫోను.
పక్క కుర్చీలో ఒకాయన, ఒళ్ళో మిఠాయి డబ్బా.
అందులో మిఠాయి లేదని
పట్టుకున్న తీరే చెబుతోంది.
నా హ్యాండ్‌బ్యాగును నేనూ అలాగే పట్టుకుని ఉన్నాను.

"తెలుగోళ్ళా మేడం?" నా ఫోను మాటలు విని అడిగాడు.
కదిరంట ఊరు. దస్తగిరి పేరు.
తాత నాటినుంచీ మార్కెట్ దగ్గరే,
ఇప్పుడు ఫ్లైఓవర్ నీడలో, పళ్ళు కట్టే పని.
"పదకొండు మందిమి. తలా ఐదొందలు ఏసుకున్యాం.
డాక్టర్లంతా ఒకటై మమ్మల్ని లేపేస్తారంట.
మా తట్టు ఒక మాట చెప్పే మనిషి ఉండల్ల గదా."

మా తీర్మానమే అది.
యాస ఒక్కటే తేడా.

నోట్లో నాలుక లేనిదానిలా కూర్చున్నాను.
ఆయన నా ముఖం వంక కాసేపు చూశాడు,
మగవాళ్ళు చూసే చూపు కాదు, పనివాడి చూపు.
"రాత్రిపూట పళ్ళు కొరుకుతారు మీరు.
దవడ ఉబ్బింది చూడండి, ఎడంపక్క."

పద్దెనిమిదేళ్ళ ప్రాక్టీసు నాది.
స్నేహితులంతా డాక్టర్లే.
ఒక్కరూ చెప్పలేదు.

తలుపు తెరుచుకుంది. పీఏ కన్నడంలో కేకేశాడు,
పళ్ళవాళ్ళెవరో లోపలికి రండని.

ఇద్దరం లేచాం.

నేను లేవడం చూసి ఆయనకు అర్థమైంది.
ఏమీ అనలేదు. డబ్బా చంకలోకి జరుపుకుని
మోకాళ్ళు పక్కకు తిప్పి దారిచ్చాడు.
"మీరు ముందు పోండి మేడం."

వెళ్ళాను.